రాని ఉత్తరం చెప్పే సంగతి



ఉత్తరం వస్తే చదువుకుంటాం. మంచి కబురైతే నలుగురికీ చెప్పుకుంటాం. మరి రావలసిన ఉత్తరం రాకపోతే ఏం చేస్తాం? మనలో చాలామంది ఏమీ చెయ్యరు. 'రేపు వస్తుందిలే' అనుకుని ఊరుకుంటారు. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ రాని ఉత్తరం గురించే. గేటు పెట్టెలోంచో, మెట్ల కిందనుంచో మాయమయ్యే తపాలా వల్ల మన పేరుకూ, మన డబ్బుకూ ఎలాంటి ముప్పు వస్తుంది, దాన్ని ఎలా తప్పించుకోవాలి అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

"ఇప్పుడు ఉత్తరాలు ఎవరు రాస్తున్నారండీ, అంతా సెల్‌ఫోనే కదా" అని మీరు అనవచ్చు. నిజమే. క్షేమ సమాచారాల కార్డులు తగ్గిపోయాయి. కానీ ఇప్పుడు మన ఇంటికి వచ్చే కవర్లు ఏమిటో ఒక్కసారి లెక్కపెట్టండి. బ్యాంకు నుంచి ఏ.టి.ఎం. కార్డు, చెక్కు పుస్తకం. ఆదాయపు పన్ను శాఖవారి పాన్ కార్డు. ఆధార్ కార్డు. జీవిత బీమా నోటీసు. ఓటరు కార్డు. మన తమిళనాడులో 2024 ఫిబ్రవరి 28 నుంచి డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్.సి. పుస్తకం కూడా స్పీడ్ పోస్టులోనే ఇంటికి పంపే పద్ధతి పెట్టారు. అంటే తపాలా తగ్గింది గానీ, ఒక్కొక్క కవరు విలువ పెరిగింది. వెనకటి కార్డు పోతే ఒక కబురు పోయేది. ఇప్పటి కవరు పోతే మన పేరే పోయే ప్రమాదం ఉంది.

పేరు పోవడం అంటే ఏమిటి? దీన్నే ఇంగ్లీషులో ఐడెంటిటీ థెఫ్ట్ అంటారు. తెలుగులో గుర్తింపు దొంగతనం అనుకుందాం. మామూలు దొంగ మన వస్తువు ఎత్తుకుపోతాడు. ఈ దొంగ మన పేరు, పుట్టిన తేదీ, చిరునామా, కార్డు నంబరు ఎత్తుకుపోతాడు. ఎత్తుకుపోయి, 'నేనే ఫలానా' అని వేరొక చోట నిలబడతాడు. మన పేరుతో సిమ్ కార్డు తీసుకుంటాడు. మన పేరుతో అప్పు తీసుకుంటాడు. వస్తువు పోతే ఆ సాయంత్రానికే తెలుస్తుంది. పేరు పోతే మాత్రం అప్పు తీర్చమని నోటీసు వచ్చేదాకా తెలియదు. ఆ నోటీసు కూడా ఒక్కొక్కసారి తపాలాలోనే వస్తుంది, చూశారా!

మనవాళ్ళకు ఒక సామెత ఉంది. తాళం వేశాను గానీ గొళ్ళెం మరిచాను అని. ఇంటికి రెండు తాళాలు వేసి, బీరువాకు మరో తాళం వేసి, బ్యాంకు కవరును మాత్రం గేటు సందులో రెండు రోజులు వేలాడనిస్తాం. పోస్టుమ్యాన్ చేతికీ మన చేతికీ మధ్య ఉన్న ఆ కాస్త ఎడమే దొంగకు కావలసిన సందు.

మన ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల్లో ఈ ఎడం ఎక్కడెక్కడ ఉందో చూద్దాం.

మొదటిది, తాళం వేసిన ఇల్లు. మన జిల్లానుంచి ఎన్నో కుటుంబాలు పనులకోసం బెంగుళూరుకూ, హోసూరుకూ, తిరుప్పూరుకూ వెళ్తాయి. ఇల్లు ఊళ్ళో ఉంటుంది, మనుషులు అక్కడ ఉంటారు. ఆధార్‌లో, బ్యాంకులో చిరునామా మాత్రం ఊరిదే. మామూలు తపాలా వస్తే గడప దగ్గర పడి ఉంటుంది. పండక్కి వచ్చినప్పుడు చూస్తే కొన్ని తడిసిపోయి ఉంటాయి, కొన్ని అసలు ఉండవు.

రెండవది, వీధి మొగలో దుకాణం. 'మా ఉత్తరాలు అక్కడ ఇచ్చెయ్యండి' అని మనమే చెప్పి ఉంటాం. దుకాణదారు మంచివాడే కావచ్చు. కానీ బల్లమీద పెట్టిన కవరును సరుకుల కోసం వచ్చిన ప్రతివాడూ తిరగేసి చూడవచ్చు కదా.

మూడవది, పట్టణాల్లో అపార్టుమెంట్ల మెట్ల కింద వరసగా ఉండే పెట్టెలు. వాటిలో తాళం ఉన్నవి ఎన్ని, మూత సరిగా పడేవి ఎన్ని, మీరే చూసి చెప్పండి.

నాలుగవది, చిరునామాలోని గందరగోళం. తమిళనాడులో ఇంటికి పాత నంబరు ఒకటి, కొత్త నంబరు ఒకటి ఉండడం మామూలు. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ఒక పక్క, తండ్రి పేరు ఇనీషియల్ మరో పక్క. ఒక కార్డులో ఇంటిపేరుతో, మరో కార్డులో ఇనీషియల్‌తో పేరు ఉంటుంది. ఒకే వీధిలో ఒకే ఇనీషియల్‌తో ఇద్దరు ఉంటే కవరు ఎవరి గుమ్మానికి చేరుతుందో చెప్పలేం. పైగా 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి వేరే జిల్లా అయింది. ఇప్పటికీ పాత కాగితాల్లో హోసూరు, కృష్ణగిరి వాళ్ళ చిరునామా ధర్మపురి జిల్లా అనే ఉంటుంది.

ఇంకో తమాషా చెబుతాను. ధర్మపురి మనకు ఒక్కటే కాదు. తెలంగాణలో, జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున నరసింహస్వామి వెలసిన ధర్మపురి కూడా ఉంది. తెలుగులో 'ధర్మపురి' అని మాత్రమే రాస్తే కవరు ఏ ధర్మపురికి పోవాలి? ఇలాంటి చిక్కులు విప్పడానికే శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించిన పిన్ కోడు 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. ఆరు అంకెల్లో మొదటి అంకె మండలాన్ని చెబుతుంది. తమిళనాడు, కేరళలకు 6. తెలుగు రాష్ట్రాలకు, కర్ణాటకకు 5. మన ధర్మపురి పట్టణానికి 636701. ఈ ఆరు అంకెలు తప్పు రాస్తే మన కవరు మనకు తెలియని చేతుల్లో తిరుగుతుంది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. కవరు ఒకటి దొరికినంత మాత్రాన దొంగ ఏం చెయ్యగలడు? ఏ.టి.ఎం. కార్డు ఉన్నా రహస్య నంబరు కావాలి కదా, ఓ.టి.పి. మన ఫోనుకే వస్తుంది కదా? మంచి ప్రశ్న. కాగితం ఒక్కటీ ఖాతాను ఖాళీ చెయ్యలేదు. 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు మనం అనుమతి ఇచ్చేదాకా ఇంటర్నెట్ కొనుగోళ్ళకు పనిచెయ్యకుండా రిజర్వు బ్యాంకు కట్టడి చేసింది. మరి దొంగకు కాగితం ఎందుకు? మన నమ్మకం సంపాదించడానికి.

నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి సంగతి చెబుతాను. ఆయనకు ఒక రోజు ఫోను వచ్చింది. అవతలి మనిషి ఎంతో మర్యాదగా, 'అయ్యా, మీకు కొత్త కార్డు పంపాం, ఇంకా వాడుకలోకి తెచ్చుకోలేదు' అన్నాడు. పూర్తి పేరు చెప్పాడు. ఇంటి నంబరు చెప్పాడు. బ్యాంకు శాఖ చెప్పాడు. కార్డు మీది చివరి నాలుగు అంకెలు కూడా చెప్పాడు. 'మీ ఫోనుకు ఒక నంబరు వస్తుంది, చెప్పండి, ఇప్పుడే పని పూర్తవుతుంది' అన్నాడు. ఇన్ని తెలిసినవాడు బ్యాంకు మనిషి కాక మరెవరవుతాడు? ఎవరైనా అలాగే అనుకుంటారు. అయితే ఆ పెద్దాయన ఒక్క సంగతి గమనించారు. కార్డు పంపామంటున్నాడు, మరి అది నాకు రాలేదే! 'నేనే బ్యాంకుకు వస్తాను' అని ఫోను పెట్టేశారు. బ్యాంకులో చూస్తే ఆ కవరును అంతకు ఆరు రోజుల ముందే ఎవరో సంతకం చేసి తీసుకున్నారు. వెంటనే కార్డు ఆపించారు. పింఛను డబ్బు దక్కింది. ఆయనను కాపాడింది చదువు కాదు, టెక్నాలజీ కాదు. 'రావలసింది రాలేదు' అన్న ఎరుక.

రాని తపాలాను పట్టించుకోకపోతే ఎంతదూరం పోతుందో చెప్పడానికి ఒడిశాలో జరిగిన ఒక ఉదంతం ఉంది. భద్రక్ జిల్లాలో ఓడంగా అనే గ్రామం. 2018 ఆగస్టులో అక్కడి పోస్టాఫీసును పాత భవనం నుంచి మార్చారు. ఆ పాత భవనం దగ్గర ఆడుకుంటున్న బడిపిల్లలకు సంచులు కనిపించాయి. విప్పి చూస్తే ఉత్తరాలు! 2004 నుంచి ఇవ్వకుండా పడేసినవి దాదాపు 6000. వాటిలో ఏ.టి.ఎం. కార్డులు, పాసుపుస్తకాలు ఉన్నాయి. నౌకాదళంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న ఒక కుర్రవాడికి 2011లో వచ్చిన జవాబు ఉంది. ఎన్నో కవర్లను చెదలు తినేశాయి. ఇంకా పనికివచ్చేవి 1500 దాకా మిగిలాయి. అక్కడి ఉద్యోగిని సస్పెండ్ చేశారు.

అది నిర్లక్ష్యం. కాని దానిలో మనకొక పాఠం ఉంది. ఆ మనిషి రిజిస్టర్డ్, స్పీడ్ పోస్టు కవర్లను మాత్రం ఇచ్చేవాడట. ఎందుకంటే వాటికి నంబరు ఉంటుంది, ఎవరైనా అడుగుతారు. ఎవరూ అడగని ఉత్తరాలే సంచుల్లో మిగిలాయి. పద్నాలుగేళ్ళు! అడిగేవాడు లేని తపాలాకు దిక్కు లేదన్న మాట.

ఇదంతా మన దేశపు బాధే అనుకోకండి. మన పిల్లలు ఎందరో అమెరికాలో ఉన్నారు. అక్కడ చాలా ఇళ్ళకు తపాలా పెట్టె రోడ్డు పక్కన స్తంభం మీద ఉంటుంది. బయటికి పంపే ఉత్తరాన్ని కూడా అందులోనే పెట్టి, పక్కనున్న చిన్న ఎర్ర జెండా పైకెత్తుతారు. ఆ జెండా పోస్టుమ్యాన్‌కు కనిపించినట్టే దొంగకూ కనిపిస్తుంది. దొంగ ఆ కవర్లోని చెక్కును రసాయనంతో కడిగి, పేరు, మొత్తం మార్చి రాసుకుంటాడు. ఇలాంటి మోసాలు దేశమంతటా పెరిగాయని 2023 ఫిబ్రవరిలో అక్కడి ఆర్థిక శాఖకు చెందిన ఫిన్‌సెన్ సంస్థ బ్యాంకులను హెచ్చరించింది. గుర్తింపు దొంగతనాన్ని ప్రత్యేక నేరంగా చెబుతూ 1998లోనే అక్కడ చట్టం వచ్చింది. 2017 నుంచి ఆ దేశపు తపాలా శాఖ ఒక ఉపాయం చేసింది. ఈ రోజు మీకు రాబోయే కవర్ల పైభాగం బొమ్మలను ఉదయమే మీ కంప్యూటరుకు పంపుతుంది. ఏది రావాలో ముందే తెలిస్తే, ఏది రాలేదో సాయంత్రానికి తెలుస్తుంది. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ మాట వాళ్ళ చెవిన వెయ్యండి.

ఇక మనం చెయ్యవలసిన పనులు చెప్పుకుందాం. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

ఒకటి. రావలసిన తపాలాకు ఒక లెక్క పెట్టుకోండి. పాల లెక్క గోడమీది క్యాలెండరులో రాస్తాం కదా, అలాగే. 'ఫలానా తేదీన చెక్కు పుస్తకానికి రాసిచ్చాను' అని రాసుకోండి. పది రోజుల్లో రాకపోతే వెళ్ళి అడగండి. స్పీడ్ పోస్టు అయితే పంపినవారిని నంబరు అడగండి. మొదట రెండు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర రెండు అక్షరాలు ఉంటాయి. ఆ నంబరుతో కవరు ఏ ఊళ్ళో ఉందో, ఎప్పుడు ఇచ్చారో తెలుసుకోవచ్చు. కంప్యూటరు చూడడం రానివాళ్ళు ఇంట్లో చదువుకునే పిల్లలకు చెబితే రెండు నిమిషాల్లో చూసి చెబుతారు.

రెండు. పెట్టె పెట్టుకోండి, దానికి తాళం వెయ్యండి. కవరు లోపలికి జారాలి గానీ చెయ్యి లోపలికి పట్టకూడదు. ఏ రోజు తపాలా ఆ రోజే తీసుకోండి.

మూడు. ఊరు వెళ్తున్నా, ఇల్లు మారుతున్నా మీ పోస్టాఫీసులో రాసిచ్చి వెళ్ళండి. కొత్త చిరునామాకు తపాలా మళ్ళించే ఏర్పాటు ఉంది. బ్యాంకులో, ఆధార్‌లో చిరునామా మార్చుకోండి. బెంగుళూరులో పదేళ్ళుగా ఉంటూ బ్యాంకులో మాత్రం ఊరి చిరునామా ఉంచుకోవడం మంచిది కాదు. ఫోను నంబరు మార్చినా ముందు బ్యాంకుకు చెప్పండి. పాత నంబరు కొన్నాళ్ళకు ఇంకొకరికి పోతుంది.

నాలుగు. మీరు ముఖ్యమైన కాగితాలు పంపేటప్పుడు కాస్త ఆలోచించండి. రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ ఏడాది అక్టోబరు నుంచి స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్ అదనంగా చేయించుకునే వీలు కల్పించారు. అలా చేయిస్తే కవరును ఎవరి పేరున ఉందో వారికి, లేదా వారు అధికారం ఇచ్చినవారికి మాత్రమే ఇస్తారు. ఓ.టి.పి. చెబితేనే కవరు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. చెక్కు పంపితే రెండు గీతలు గీసి ఎకౌంట్ పేయీ అని రాయండి.

ఐదు. చదివేసిన కవర్లను అలాగే చెత్తలో వెయ్యకండి. బ్యాంకు కాగితం, బీమా కాగితం, జిరాక్సు తీయగా మిగిలిన కాపీలు, వీటిని చింపి వెయ్యండి. మన పకోడీల పొట్లం విప్పితే ఎవరిదో దరఖాస్తు ఫారం, ఫోటోతో సహా కనిపించిన రోజులు మనందరికీ గుర్తే. ఆధార్ కాపీ ఇవ్వవలసి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఉంది, అది ఇవ్వండి. కాపీ మీద అడ్డంగా ఏ పనికి ఇస్తున్నారో, ఏ తేదీన ఇస్తున్నారో రాయండి.

ఆరు. అవతలివాడికి మీ గురించి ఎన్ని సంగతులు తెలిసినా సరే, ఫోనులో ఓ.టి.పి. చెప్పకండి. మీ సంగతులు తెలియడం మంచివాడనడానికి గుర్తు కాదు. మీ కవరు చదివాడనడానికి గుర్తు కావచ్చు.

ఇంత జాగ్రత్తగా ఉన్నా పొరపాటు జరిగితే? కంగారు పడవద్దు, ఆలస్యం మాత్రం చెయ్యవద్దు. ముందు బ్యాంకుకు చెప్పి కార్డు, చెక్కులు ఆపించండి. డబ్బు పోయి ఉంటే 1930 అనే నంబరుకు ఫోను చెయ్యండి. సైబర్ మోసాల కోసం దేశమంతటికీ ఏర్పాటు చేసిన నంబరు అది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఒక ఆదేశం ఇచ్చింది. తప్పు ఖాతాదారుడిదీ కాక, బ్యాంకుదీ కాక, మూడో మనిషి మోసమైతే, మూడు పనిదినాల్లో చెప్పిన ఖాతాదారుడి మీద భారం పడదని అందులో ఉంది. ఆలస్యమైన కొద్దీ భారం పెరుగుతుంది. మనమే ఓ.టి.పి. చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనదే. అందుకే గంటలు కూడా లెక్కే.

మన పేరున ఎవరైనా అప్పు తీసుకున్నారేమో తెలుసుకోవడానికి సిబిల్ వంటి క్రెడిట్ సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2017 నుంచి ఏర్పాటు చేసింది. మన పేరున ఎన్ని సిమ్ కార్డులు ఉన్నాయో చూసుకోవడానికి 2023లో కేంద్ర ప్రభుత్వం సంచార్ సాథీ అనే ఏర్పాటు తెచ్చింది. ఆధార్ విషయాలకు 1947 నంబరు. తపాలా శాఖకు ఫిర్యాదు చెయ్యాలంటే 1800 266 6868. ఈ నంబర్లను పంచాంగం పక్కన రాసి పెట్టుకోండి.

చట్టం సంగతి కూడా రెండు మాటలు. ఇంకొకరి పాస్‌వర్డు, ఎలక్ట్రానిక్ సంతకం వంటి గుర్తింపును మోసంతో వాడుకుంటే, సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. 1898 నాటి పోస్టాఫీసు చట్టం స్థానంలో 2023 నాటి కొత్త చట్టం 2024 జూన్ 18న అమల్లోకి వచ్చింది. తపాలా దొంగిలించిన ఉద్యోగికి ఏడేళ్ళ వరకు శిక్ష అని పాత చట్టంలో ప్రత్యేకంగా ఉండేది. కొత్తదానిలో ఆ సెక్షను లేదు. అందువల్ల ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత కిందనే ఫిర్యాదు నడుస్తుంది. పోలీసు స్టేషనులో రాసిచ్చి రసీదు తప్పకుండా తీసుకోండి. రేపు మన పేరున ఎవరో చేసిన అప్పుకు నోటీసు వస్తే, 'నేను కాదు' అనడానికి ఆ రసీదే సాక్ష్యం.

ఇదంతా విని పోస్టుమ్యాన్‌ను అనుమానంగా చూడకండి. ఎక్కడో ఒకరు తప్పు చేస్తే అందరికీ అంటగట్టడం న్యాయం కాదు. మన తమిళనాడులోనే, నీలగిరి కూనూరు ప్రాంతంలో, డి. శివన్ అనే పోస్టుమ్యాన్ అడవిలో రోజూ 15 కిలోమీటర్లు నడిచి తపాలా ఇచ్చారు. 2020లో ఆయన పదవీ విరమణ చేసినప్పుడు దేశమంతా మెచ్చుకుంది. మనకు అసలైన కాపలాదారు పోస్టుమ్యానే. ఆయన పేరు తెలుసుకోండి. మీ ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పండి. 'మా కవరు మా చేతికే ఇవ్వండి, మేము లేకపోతే తిరిగి తీసుకువెళ్ళండి, మేమే వచ్చి తీసుకుంటాం' అని చెప్పండి. వీధిలో అందరినీ ఎరిగిన పోస్టుమ్యాన్ ఉన్నచోట ఇంకొకరి పేరు చెప్పి కవరు అందుకోవడం అంత సులభం కాదు.

ముఖ్యంగా ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళను గుర్తుపెట్టుకోండి. పిల్లలు దూరాన ఉంటారు, చూపు ఆనదు, వచ్చిన కవరు ఏమిటో తెలియదు. వారానికి ఒకసారి వాళ్ళ దగ్గర కూర్చుని, వచ్చినవి చదివి చెప్పండి. రావలసినవి ఏమైనా రాలేదా అని కూడా అడగండి. ఆ రెండో ప్రశ్న అడిగేవారు చాలా తక్కువ. అడిగితే ఒక పింఛను నిలబడవచ్చు, ఒక కుర్రవాడి ఉద్యోగం దక్కవచ్చు.